ఆయుధపూజకు కడిగిన ఫిల్టరు

మన సెక్షన్లో కొత్తగా పనిలో చేరినవాళ్లకు పనికొచ్చేలా ఏదైనా రాసివ్వమని అడిగారు. రిటైరైనవాణ్ని ఇలా అడగడం ప్రమాదం. ఎవణ్ని అడిగినా తన గొప్పలే రాస్తాడు. నా దగ్గరా ఉన్నాయి అలాంటివి. వరదప్పుడు నడుముల్లోతు నీళ్లలో నిలబడి పంపుహౌసు మోటారు విప్పిన కథ చెప్తే మీరు చప్పట్లు కొడతారు. మా ఇంట్లోవాళ్లు దాన్ని వందసార్లు విని ఉంటారు. ఇప్పుడు మొదలుపెట్టానంటే లేచి వంటింట్లోకి వెళ్లిపోతారు. వాళ్లకు కూడా చెప్పనిది ఒకటుంది, అది రాస్తాను. ఒక పాత అక్వేరియం ఫిల్టరు సంగతి అది. చేపలతొట్టిలో నీళ్లు శుభ్రం చేసే డబ్బా మీద రాయడానికి ఏముంటుందని నవ్వకండి. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను చేసిన వెధవపనులన్నిట్లోకీ పెద్దది ఆ డబ్బా దగ్గరే జరిగింది.

కర్నూలుకూ కడపకూ నడుమ ఉన్న ఒక ఊరు. నేను అక్కడ మున్సిపాలిటీ నీళ్ల సెక్షన్లో ఫిట్టర్ని. కొళాయి రెండు రోజులకొకసారి వచ్చేది, బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉండేవి. బిందెల దగ్గర జుట్లు పట్టుకునే ఊళ్లో, ఎవరో పెద్దమనిషికి బుద్ధి పుట్టి పార్కులో చేపల బంగళా కట్టించాడు. “మనకు తాగనీకి నీళ్లు ల్యావు, చేపలకు బంగళానా?” అని జనం తిట్టారు. తిట్టినవాళ్లే ఆదివారం పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. గోడల పక్కన నాలుగు చిన్న తొట్లు, నడుమ కడప బండ దిమ్మె మీద మనిషి పొడవు పెద్ద తొట్టి. మా ఊరి పిల్లలు అంతవరకూ చేపను బుట్టలోనే చూశారు. ఈదే చేపను చూసి అద్దానికి ముక్కులు అతికించుకుని కదిలేవాళ్లు కాదు.

పెద్దతొట్టికి ఒక ఫిల్టరుండేది. నీలం డ్రమ్ము, నా నడుమెత్తు. అడుగున గులకరాళ్లు, పైన పొరలు పొరలుగా స్పాంజి, దాని మీద మోటారు. తొట్టి నీళ్లు ఒక పైపులో వచ్చి, వీటన్నిట్లోంచి దిగి, ఇంకో పైపులో తొట్టికి పోయేవి. సరఫరా చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. స్పేర్ పార్టు అడిగితే స్టోరు గుమాస్తా నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసేవాడు. బంగళాకు ఏటా రంగు వేయించేవాళ్లు గానీ ఫిల్టరుకు ఒక వాషరు కొనేవాళ్లు కాదు. మింగమెతుకు లేదు, మీసాలకు సంపెంగనూనె.

కాబట్టి దాన్ని బతికించింది నేనే. మూత కింద వాషరు లారీ ట్యూబు కోసి వేశాను. మోటారు లోపల తిరిగే రెక్కకు మా నీళ్ల సున్నం గారలాగా పట్టేది, నిమ్మకాయ రసంలో నానబెట్టి వదిలించేవాణ్ని. వైండింగ్ కాలిపోతే నా చేత్తో చుట్టాను. ఒకసారి మా ఇంజినీరుకు లోపలి గులకరాళ్లు అసహ్యంగా కనిపించాయి. మంగంపేట నుంచి వచ్చే ముగ్గురాయి తెల్లగా ముద్దుగా ఉంటుందని తెప్పించాడు. ఆ రాయి గులకరాయికి దాదాపు రెట్టింపు బరువు, తెలియనివాడు దాన్నీ గులకరాయే అనుకుంటాడు. డ్రమ్ము నిండా పోశాక స్టాండు కాళ్లు వంగిపోయి మొత్తం నా కాలి మీదకు వచ్చింది. బొటనవేలు గోరు ఇప్పటికీ సరిగా రాలేదు. అయినా ఆ ఫిల్టరంటే నాకు ప్రాణం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, ఊళ్లో నాకంటే దాన్ని తెలిసినవాడు లేడనుకునేవాణ్ని.

నాకంటే తెలిసిన మనిషి ఒకరున్నారు. చేపల బంగళా ఊడ్చే ఆమె.

ఆమెది ఆదోనికి అవతల ఒక పల్లె. కరువుకు మొగుడితో కలిసి పనికి వచ్చింది. మొగుడు బండల పాలిష్ ఫ్యాక్టరీలో చేరాడు, ఆమె కాంట్రాక్టు కింద పార్కులో చీపురు పట్టుకుంది. చేపల బంగళా చూసుకునే మనిషి మానేస్తే, “నువ్వు చూసుకోమ్మా, నాలుగు గింజలు వేస్తే చాలు” అని ఆమెకు అప్పగించారు. చదువు రాదు. వేలిముద్ర వేసేది. కానీ ఆ తొట్టి ముందు స్టూలేసుకుని గంటలు గంటలు చూసేది. ఏ చేప మేత మానింది, ఏది మూలకు పోయింది, నీళ్లు ఏ రోజు వాసన మారాయి, అన్నీ చెప్పేది. కొళాయి నీళ్లలో బ్లీచింగ్ మందు కలుపుతారని, వాటిని రెండు రోజులు డ్రమ్ముల్లో ఎండలో పెట్టి గానీ తొట్టిలో పోసేది కాదు. అది ఎవరూ నేర్పలేదు.

నేను మొదటిసారి ఫిల్టరు విప్పిన రోజున స్పాంజి తీసి కొళాయి కిందికి తీసుకుపోబోయాను. గోధుమరంగు జిడ్డు కారుతోంది, ముట్టుకుంటే కంపు. ఆమె పరుగెత్తుకొచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

“కడగొద్దన్నా! నీ కాళ్లు మొక్కుతా, కొళాయి కింద కడగొద్దు.”

“ఇంత మురికిని ఏం చేయమంటావమ్మా?”

“తొట్టి నీళ్లే ఒగ బకెట్లో పోసుకోని, దాంట్లో ఒగసారి అట్ల పిండి పెట్టేయి. తెల్లగ కడిగినారనుకో, నాలుగు దినాలకు నీళ్లు పాలమాదిరి అవుతాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. నేను రెండుసార్లు చూసినా. ఆ జిడ్డులోనే ఏమో ఉండాది.”

నేను నవ్వాను. ఐటీఐ చదివినవాణ్ని కదా! అయినా ఆమె మొహం చూసి చెప్పినట్టే చేశాను. తర్వాత ఎప్పుడో ఒక చేపల డాక్టరు వచ్చినప్పుడు అడిగితే ఆయనా అదే అన్నాడు. చేపల విసర్జనలో విషం ఉంటుందట, ఆ జిడ్డులో ఉండే సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయట. వాటిని కొళాయి నీళ్ల మందు చంపేస్తుంది. నీళ్లు తిరగకుండా ఆపేసినా గాలి అందక చస్తాయి. ఫిల్టరంటే డ్రమ్మూ మోటారూ కాదు, ఆ జిడ్డే ఫిల్టరు. డాక్టరు చెప్పింది విని నేను “అవునండీ, నాకు తెలుసు” అన్నాను. ఆమె పక్కనే నిలబడి ఉంది. 

అలా ఏళ్లు గడిచాయి. కాంట్రాక్టు వాళ్లలో పాతవాళ్లను పర్మనెంటు చేస్తారని, ఒక లిస్టు తయారవుతోందని తెలిసింది. పద్నాలుగేళ్లు పనిచేసిన ఆమె పేరు అందులో ఉంది. ఆ లిస్టు మీద ఆమె పెట్టుకున్న ఆశ నాకు బాగా తెలుసు, ఎందుకంటే రోజూ నాకే చెప్పేది. మొగుడి ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము చేరి, నాలుగడుగులు వేస్తే కూర్చుండిపోతున్నాడు.

“పర్మనెంటు అయితే హెల్తు కార్డు ఇస్తారంట కదన్నా? ఆ కార్డుతో కర్నూల్లో పెద్దాసుపత్రే కాదు, ఏ ఆసుపత్రిలో అయినా చూస్తారంట కదా?”

“ఇస్తారమ్మా.”

“జీతం దుడ్లు ముఖ్యం కాదన్నా. ఆయప్పకు ఊపిరాడితే చాలు.”

పర్మనెంటు వాళ్లు రిజిస్టర్లో సంతకం పెట్టాలని ఎవరో చెప్పారట. బంగళా వెనక బండ మీద సుద్దముక్కతో తన పేరు రాయడం నేర్చుకుంది. చివరి అక్షరం ఎప్పుడూ పైకి పోయేది. నన్ను పిలిచి చూపించేది. “బాగుండాది” అనేవాణ్ని.

ఆ ఏడు దసరా వచ్చింది. మీకు తెలియనిది కాదు, మన సెక్షన్లో ఆయుధపూజే అన్నిటికంటే పెద్ద పండగ, సంక్రాంతి, ఉగాది కూడా దాని తర్వాతే. స్పానరు మొదలు రోడ్డురోలరు దాకా అన్నీ కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బూడిద గుమ్మడికాయ కొట్టి, బొరుగులూ బెల్లమూ పంచితే గానీ మనకు ఆ ఏడాది పని చేసినట్టుండదు. పూజలో పెట్టిన యంత్రం తిరగకూడదు. నవమినాడు విశ్రాంతి, దశమినాడు మంచి గడియ చూసి ఆన్ చేయడం. ఇవన్నీ మా తాత దగ్గర్నుంచి చూస్తున్నాను. పూజను తప్పు పట్టడం లేదు. ఇప్పటికీ మా ఇంట్లో సైకిలుకు బొట్టు పెడతాను.

ఆ ఏడాది కొత్తగా వచ్చిన పెద్ద ఆఫీసరు పూజకు వస్తున్నాడు. “అన్నీ తళతళ మెరవాల. ఒగ్గ వస్తువు మీద మురికి కనపడినా నేను ఊరుకోను” అన్నాడు ఇంజినీరు. నాకు ఆలోచన వచ్చింది. మోటార్లూ ట్యాంకర్లూ అందరూ పెడతారు. నేను చేత్తో బతికించిన ఫిల్టరును పందిట్లో ముందు వరసలో పెడితే, ఇదేమిటని ఆఫీసరు అడుగుతాడు. అప్పుడు లారీ ట్యూబు సంగతీ, నేను చుట్టిన వైండింగ్ సంగతీ చెప్పొచ్చు. అంతే. ఇంతకు మించి కారణం లేదు. ఎంతో పెద్ద కారణం ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

ఆమె పండక్కి ఊరికి పోతూ నా దగ్గరికి వచ్చింది. ఇంజినీరును అడిగిందట, పొమ్మన్నాడట. నోటి మాటే, కాగితం లేదు.

“అన్నా, పొద్దున ఒగ చిటికెడు మేత ఎయ్యి. రెండో పూట వద్దు. ఫిల్టరును మాత్రం ముట్టుకోవద్దు, నేను వచ్చినాక ఇద్దరం చూద్దాం.”

“సరేలేమ్మా, పోయిరా.”

నవమి పొద్దున్నే ఫిల్టరు ఆపి, పైపులు ఊడదీసి, ఎనిమిది బోల్టులూ విప్పాను. మూత తీస్తే ఎప్పటి కంపే. ఆ కంపుతో ఆఫీసరు ముందు ఎలా పెట్టేది? ఆమె చెప్పింది గుర్తుంది. గుర్తు లేదని అబద్ధం చెప్పను. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. స్పాంజిలన్నీ కొళాయి కింద పెట్టి కొబ్బరిపీచుతో తెల్లబడేదాకా రుద్దాను. రాళ్లు జల్లెడలో పోసి కడిగాను. డ్రమ్ముకు లోపలా బయటా పసుపు పట్టించి, మూడు బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశాను. కొత్త పెళ్లికొడుకులాగా ఉంది.

ఆఫీసరు వచ్చాడు. హారతి తీసుకున్నాడు. ఫిల్టరు ముందు ఆగి, “ఇదేంటి?” అన్నాడు. నేను నోరు తెరిచేలోపు ఇంజినీరు, “చేపల తొట్టి ఫిల్టరు సార్, మనమే మెయింటైన్ చేస్తున్నాం సార్” అన్నాడు. ఆయన తలూపి ముందుకు పోయాడు. ఫొటో మాత్రం తీశారు. అందులో ఇంజినీరూ, ఆఫీసరూ, వాళ్ల నడుమ దండ వేసుకుని ఫిల్టరు. నేను సగం కనిపిస్తాను. దశమినాడు పదకొండు గంటలకు మంచి గడియ. అప్పటిదాకా ఫిల్టరు పందిట్లోనే ఉండిపోయింది. తర్వాత తెచ్చి బిగించి ఆన్ చేశాను. మోటారు శబ్దం కూడా రాకుండా తిరిగింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఆమె పండగైన మూడో రోజు వచ్చింది. నీళ్లు అప్పటికే కొంచెం మసకబారాయి. తొట్టి ముందు స్టూలేసుకుని చాలాసేపు చూసి, నన్ను పిలిచింది.

“అన్నా, ఫిల్టరు ఎవురన్నా కడిగినారా?”

పిల్లలూ, ఇక్కడ ఆగండి. మీకు నేను నేర్పగలిగింది ఏదైనా ఉంటే ఇక్కడే ఉంది. కడిగింది పొరపాటు. దానికి దారి ఉంది, ఆ దారి ఆమే చెప్పింది.

“కడిగింటే చెప్పన్నా, ఏం కాదు. చిన్న తొట్లల్లో పాత స్పాంజిలు ఉండాయి కదా, అవి సగం సగం కోసి దీంట్లో పెడతా. జిడ్డు మళ్ల అంటుకుంటాది. కడగకుంటే మాత్రం వాటిని కదిలించేది తప్పు, ఆ చేపలకు కూడా ముప్పు.”

“ఎవురు కడుగుతారమ్మా నువ్వు లేకుండా?” అన్నాను.

ఎందుకన్నాను? ఆమె నన్నేం చేస్తుంది? ఊడ్చేమనిషి. నా మీద ఎవరికీ చెప్పేది కాదు. సరిగ్గా అందుకే చెప్పలేకపోయాను. ఐటీఐ ఫిట్టరు, ముట్టుకోవద్దని ఊడ్చేమనిషి చెప్పిన వస్తువును ముట్టుకుని పాడుచేశానని ఆమెతోనే ఎలా అంటాడు? ఇంజినీరు అడిగినా ఆ పూట నిజమే చెప్పేవాణ్నేమో.

“అయితే పండగ జనం తొట్టిలో ఏమో పడేసినారు” అంది. నా మాట నమ్మింది. మూత విప్పి చూద్దామంటే, స్పానరు స్టోర్లో ఉంది, రేపు చూద్దామన్నాను. మర్నాడు పంపుహౌసులో పని ఉందన్నాను. ఆ మర్నాడు బంగళా వైపే పోలేదు. ఆమె మేత ఆపింది. ఎండలో పెట్టిన డ్రమ్ముల నీళ్లు బకెట్లతో మోసి పోసింది. ట్యాంకరు కావాలని తిరిగింది. నీళ్లు పాలలాగా అయ్యాయి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. వారం లోపల పెద్దతొట్టిలో ఒక్కటి మిగల్లేదు. పదకొండేళ్ల గౌరామి చేప ఒకటుండేది, ఆమె చెయ్యి పెడితే వేళ్ల నడుమకు వచ్చేది. చివరికి అదీ పోయింది. చచ్చిన చేపల్ని గంపకెత్తి పార్కు వెనక గుంత తీసి పూడ్చింది ఆమే. నేను దూరం నుంచి చూశాను. దొంగకు తేలు కుట్టినట్టుంది నా పరిస్థితి.

చచ్చిన చేపల ఫొటోలు ఊరంతా ఫోన్లలో తిరిగాయి. పెద్ద ఆఫీసరు విచారణ చేయమన్నాడు. ఇంజినీరు ఒక గుమాస్తాను వెంటబెట్టుకుని బంగళాకు వచ్చాడు. నన్నూ ఆమెనూ పార్కు వాచ్‌మన్‌నూ పిలిపించాడు. ఫిల్టరు విప్పమన్నాడు.

బోల్టులు ఒక్కొక్కటే విప్పాను. మూత తీశాను. కంపు లేదు. ఆమె ముందుకు వంగి స్పాంజిని చేత్తో తీసింది. తెల్లగా ఉంది. మూత అంచు కింద, నా లారీ ట్యూబు వాషరు చుట్టూ పసుపు అలాగే అంటుకుని ఉంది. ఆమె దాన్ని వేలితో తాకి చూసింది. తర్వాత తలెత్తి నా వైపు చూసింది.

ఇంజినీరు కూడా ఆ పసుపు చూశాడు. ఆయన చూసినట్టు నేను చూశాను. ఆ ఫిల్టరు పక్కన నిలబడి ఫొటో తీయించుకున్న మనిషి. పూజకని కడిగినందుకు చేపలు చచ్చాయని రాస్తే ముందు తననే అడుగుతారని ఆయనకు తెలుసు. గొంతు సవరించుకుని నన్ను అడిగాడు.

“ఫిల్టరు కండిషన్ ఎట్లుండెప్పా?”

ఆమె ఇంకా నన్నే చూస్తోంది. కోపంగా కాదు. బస్సు కోసం రోడ్డు వైపు చూసేవాళ్లు చూస్తారే, అలా.

“ఫిల్టరు బాగుండె సార్. పండగకు ముందే చెక్ చేసినా. రన్నింగ్‌లో ఏం తేడా లేదు” అన్నాను.

ఆమె స్పాంజిని మెల్లగా డ్రమ్ములో పెట్టేసింది.  అనుమతి లేకుండా ఊరికి పోయిందనీ, మేతలోనూ నీళ్లలోనూ నిర్లక్ష్యం చూపిందనీ గుమాస్తా రాశాడు. ఊరికి పొమ్మన్నది తనేనని ఇంజినీరు గుర్తు చేసుకోలేదు. కాగితం ఆమె ముందు పెట్టి, “వేలిముద్ర వెయ్యమ్మా” అన్నారు. “సంతకం వస్తాది సార్” అంది. నిదానంగా పేరు రాసింది. నేర్చుకున్నాక ఆఫీసు కాగితం మీద ఆమె పెట్టిన మొదటి సంతకం అదే.

లిస్టులోంచి ఆమె పేరు తీసేశారు. నెలాఖరుకు కాంట్రాక్టు నుంచి కూడా తీసేశారు. చేపల బంగళాకు తాళం పడింది. తర్వాత అందులో బ్లీచింగ్ పౌడరు బస్తాలు వేశారు. ఆ వచ్చిన జనవరిలో ఉత్తమ ఉద్యోగి అని నాకు ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. ఇంజినీరే సిఫారసు చేశాడు. మేమిద్దరం ఆ విషయం గురించి ఎప్పుడూ ఒక్క మాటా మాట్లాడుకోలేదు, అవసరం రాలేదు. ఆ పత్రాన్ని మా ఆవిడ ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించింది. తీసెయ్యమంటే ఎందుకని అడుగుతుంది. అందుకని తీయించలేదు.

ఆమె ఒంటిమిట్టలో ఒక సత్రంలో పనిచేస్తోందని వాచ్‌మన్ చెప్పాడు. అక్కడికి బస్సులో మూడు గంటల దారి. రిటైరయ్యేదాకా నాకు ఆ మూడు గంటలు దొరకలేదు. పోయిన ఏడాది, పని లేక ఇంట్లో కూర్చున్నాక, రోజూ అదే గుర్తుకు రావడం మొదలైంది. ఒకరోజు పొద్దున్నే దర్శనానికి పోతున్నానని చెప్పి బయల్దేరాను. దారంతా ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ ఏడవాలో కూడా అనుకుంటూ పోయాను.

సత్రం వెనక వరండా కడుగుతోంది. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టి, చీపురు పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

“ఏం సార్, దర్శనానికి వచ్చినారా?”

అంతకుముందు ఎప్పుడూ నన్ను సార్ అనలేదు. వాళ్లాయన ఎలా ఉన్నాడని అడిగాను.

“పోయినాడు సార్. మూడేండ్లాయ. కార్డు ఉంటే బతుకుతాండెనేమో. ఉన్నా పోతాండెనేమో. ఎవురు చెప్తారు?”

నేను అనుకున్న మాటలన్నీ పోయాయి. “ఆ ఫిల్టరు కడిగింది నేనేనమ్మా” అన్నాను.

“తెలుసు సార్. మూత తీసిన దినమే తెలుసు.”

“మరి ఎందుకు చెప్పకపోతివి?”

“నువ్వు చెప్తావని చూస్తాంటి.” కొంగు నడుముకు దోపుకుంది. “నేను చెప్తే ఎవురు నమ్ముతారు? తప్పు చేసి ఫిట్టరు మీద, పూజ మీద ఎత్తేస్తాండాదని అంటారు. నువ్వు చెప్తే రాసుకుంటాండ్రి. అందుకే చూస్తాంటి.”

తప్పయిపోయిందని చేతులు జోడించాను. కళ్లనీళ్లు నిజంగానే వచ్చాయి. ఆమెకు మాత్రం రాలేదు.

“నాకు చెప్తే ఏం లాభం సార్? నాకు తెలిసిందే కదా నాకు చెప్తాండావు. ఆడ చెప్పల్ల. ఆ కాగితంలో నిర్లక్ష్యం అని రాసి, దాని కింద నాతో పేరు రాయిస్తిరి. నా పేరు, నాకు రాసేకి వచ్చేది అదొక్కటే. నేను నిర్లక్ష్యం చేయలేదు సార్. ఆ చేపలను నా బిడ్డల మాదిరి చూసుకున్యా. పనిచ్చేది వద్దు, ఏం వద్దు. ఆ మాట కొట్టేయించు, చాలు.”

“కొట్టేయిస్తానమ్మా” అన్నాను. నా ఫోన్ నంబరు రాసిచ్చి వచ్చాను. తిరుగు బస్సులో చాలా తేలిగ్గా అనిపించింది. అలా అనిపించినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

మర్నాడే కూర్చుని రెండు పేజీలు రాశాను. ఏ రోజు ఏం చేశానో, ఆమె ఏం హెచ్చరించిందో, విచారణలో నేను ఏం అబద్ధం చెప్పానో అన్నీ రాసి, సంతకం పెట్టి ఆఫీసుకు తీసుకుపోయాను. కాగితాలు తీసుకునే ఇన్‌వార్డులో ఉన్న గుమాస్తా ఒకప్పుడు నా చేతి కింద హెల్పరుగా పని నేర్చుకున్నవాడే. కుర్చీ వేసి, టీ తెప్పించి, కాగితం చదివాడు. చదివి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

“ఏమి సార్ ఇది? ఇప్పుడెవురు అడిగినారు మిమ్మల్ని?”

“అడగలేదప్పా. నిజం చెప్తాండా.”

“తప్పుడు వాంగ్మూలం ఇచ్చినానని మీరే రాసి ఇస్తాండారు. దీనికి నంబరు ఏసినానంటే ఫైలు లేస్తాది. మీ పెన్షను నిలబెట్టినా నిలబెడతారు. ఆ ఇంజినీరు సారు ఇప్పుడు యాడ ఉండాడో తెలుసా? ఆయప్ప ఊరుకుంటాడా? మీ మంచికే చెప్తాండా. ఇంటికి పోయి బాగా ఆలోచన చేసి, రేపు రాండి. అప్పటికీ ఇయ్యల్లనుకుంటే నేనే నంబరు ఏస్తా.”

మంచివాడు. కాగితం మడిచి నా జేబులో పెట్టి, గేటు దాకా వచ్చి ఆటో ఎక్కించాడు.

ఆ “రేపు” వెళ్లలేదు. మా ఆవిడకు మోకాళ్ల ఆపరేషన్ ఉంది, అది కానీ అనుకున్నాను. అయింది. తర్వాత ఎండలు. తర్వాత ఇంకేదో. కాగితం నా బీరువాలో పట్టాదారు పాసుపుస్తకాల కింద ఉంది.

పోయిన వారం ఆమె ఫోన్ చేసింది. సత్రంలో ఎవరో పిల్లతో నంబరు కొట్టించుకుందట. వెనక బకెట్ల చప్పుడు వినిపిస్తోంది.

“ఆ కాగితం ఇచ్చినావా? ఊరికే అడుగుతాండా, తొందరేం లేదు.”

“ఇచ్చినానమ్మా. కొట్టేస్తామన్నారు” అన్నాను.

అవతల ముక్కు చీదుకున్న శబ్దం వినిపించింది. 

“శానా మంచి పని చేసినావన్నా” అంది.